హవాయి దీవుల రైతుకు కరోనా సాయం: అర్హత నుంచి అప్పీలు దాకా అడుగడుగునా

2020 మార్చి 26న హవాయిలో 14 రోజుల క్వారంటైన్ నిబంధన అమల్లోకి వచ్చింది. బయటి నుంచి ఎవరు దిగినా రెండు వారాలు గదిలోనే ఉండాలి. అంతకు ముందు ఏడాది కోటికి పైగా పర్యాటకులు వచ్చిన దీవులు ఏప్రిల్ కల్లా దాదాపు ఖాళీ అయిపోయాయి. హోటళ్లు మూతపడ్డాయి, రెస్టారెంట్లు మూతపడ్డాయి, వాటికి ఆకుకూరలు, బొప్పాయిలు, పూలు, దుంపలు వేసే చిన్న రైతులకు కొనేవాడే లేకుండా పోయాడు. తినే తిండిలో అధిక భాగం ఓడల్లో దిగుమతి చేసుకునే దీవుల్లో పంట పొలంలోనే కుళ్లిపోవడం చాలా బాధాకరమైన విషయం, అయినా జరిగింది అదే. పంట చేతికొచ్చింది, మార్కెట్టే ఒక్కరోజులో మాయమైంది.

ఆ నష్టానికి అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, నేరుగా రైతుల ఖాతాల్లో డబ్బులు వేసింది. ఆ డబ్బు ఎవరికి ఎలా వచ్చింది, ఎంత వచ్చింది, ఏ కాగితాలు అడిగారు, ఎక్కడ చిక్కులొచ్చాయి అన్నది అడుగడుగునా చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఈ పథకాల గడువులన్నీ ముగిశాయి, ఇప్పుడు ఎవరైనా "కరోనా సాయం ఇప్పిస్తాను, ఇంత ఫీజు కట్టండి" అంటే నమ్మకండి. మరి ఇప్పుడెందుకు చదవాలంటే, తర్వాత వరద వచ్చినా, తుఫాను వచ్చినా, కార్చిచ్చు వచ్చినా యూఎస్‌డీఏ సాయం నడిచేది అదే ఆఫీసు నుంచి, చాలావరకు అవే కాగితాలతో. 2020లో తేలిగ్గా డబ్బు అందుకున్నవాళ్లు ఎవరంటే కష్టం రాకముందే కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లు. నష్టపోయి కూడా అందుకోలేకపోయినవాళ్లలో చాలామందికి అడ్డుపడింది అర్హత కాదు, రుజువు. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే, కింద ప్రతి అడుగులోనూ ఇదే కనిపిస్తుంది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో నాలుగెకరాలు కొని తోట వేసుకున్న తెలుగువాళ్లకు కూడా ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఆఫీసు వ్యవస్థ దేశమంతా ఒక్కటే.

ముందు ఏ పథకం ఏదో తేల్చుకుందాం

అందరూ కలగలిపి "కరోనా డబ్బు" అనేస్తారు కానీ రైతు వరకు ముఖ్యమైనవి మూడు.

మొదటిది కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, వాడుకలో సీఫ్యాప్. 2020 ఏప్రిల్‌లో ప్రకటించారు. రైతులకు నేరుగా ఇవ్వడానికి 1,600 కోట్ల డాలర్లు పెట్టారు, దరఖాస్తులు మే 26 నుంచి తీసుకున్నారు, గడువు ఆగస్టు 28 అనుకున్నది సెప్టెంబర్ 11కి పొడిగించారు. ఇందులో జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ధర కనీసం 5 శాతం పడిపోయిన పంటలకు, లేదా మార్కెట్ సరఫరా దెబ్బతిని నష్టపోయినవాళ్లకు సాయం. కూరగాయలు, పండ్ల రైతుకు మూడు రకాల నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నారు: తక్కువ ధరకు అమ్ముకున్నది, పొలం దాటి వెళ్లి పాడైపోయి డబ్బు రానిది, అసలు పొలం దాటనిదీ కోయనిదీ. లెక్కకట్టిన మొత్తంలో ముందు 80 శాతం వేసి, మిగతాది నిధులు సరిపోతాయని తేలాక వేశారు.

రెండోది సీఫ్యాప్-2. 2020 సెప్టెంబర్ 21 నుంచి డిసెంబర్ 11 వరకు నడిచింది. ప్రభుత్వం మారాక 2021 ఏప్రిల్ 5న మళ్లీ తెరిచి ఆ ఏడాది అక్టోబర్ 12న మూసేశారు. హవాయి చిన్న రైతుకు నిజంగా సరిపోయింది ఇదే. పౌనుకి ఇంత, ఎకరానికి ఇంత అనే తలనొప్పి లేకుండా 2019లో ఎంత అమ్మారో దానిమీద ఒక శాతం ఇచ్చేశారు.

మూడోది పాండెమిక్ అసిస్టెన్స్ రెవెన్యూ ప్రోగ్రామ్, పొట్టిగా పార్ప్. ఇది చాలా ఆలస్యంగా, 2023 జనవరి 23న మొదలై జులై 14న ముగిసింది. 2018తోగానీ 2019తోగానీ పోలిస్తే 2020లో రాబడి కనీసం 15 శాతం తగ్గినవాళ్లకు ఇది.

ఈ మూడూ అప్పులు కావు, తిరిగి కట్టక్కర్లేదు. పంట బీమా ఉండి తీరాలన్న షరతు సీఫ్యాప్‌కి లేదు. పీపీపీ (జీతాలు కట్టడానికి ఇచ్చిన, మాఫీ అయ్యే రుణం), ఈఐడీఎల్ (విపత్తులో నష్టపోయిన వ్యాపారాలకి ఇచ్చే రుణం) అనేవి వేరే, అవి చిన్న వ్యాపారాల శాఖవి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

మొదటి అడుగు: ఆఫీసు లెక్కలో రైతు అంటే ఎవరో తెలుసుకోండి

ఇక్కడ మన పద్ధతికీ వాళ్ల పద్ధతికీ తేడా పెద్దది, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. తెలంగాణలో రైతుబంధు డబ్బు పాస్‌బుక్కు ఎవరి పేర ఉంటే వాళ్లకే వెళ్లింది. భూమి కౌలుకు తీసుకుని విత్తనం, ఎరువు, కూలీ అన్నీ తనే పెట్టుకుని పండించిన కౌలు రైతుకు దక్కలేదు. ఆంధ్రలో రైతు భరోసా కింద కొన్ని వర్గాల కౌలు రైతులకు చోటిచ్చారుగానీ, అక్కడా సాగు హక్కు పత్రం దగ్గర చాలామంది ఆగిపోయారు. సీఫ్యాప్‌లో లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. పంట మీద ఎవరికి వాటా ఉందో, పంట పోతే ఎవరి జేబుకి చిల్లు పడుతుందో వాళ్లే రైతు. నగదు కౌలుకి ఇచ్చేసి నెలనెలా అద్దె తీసుకునే భూయజమానికి పంట మీద రిస్కు లేదు కాబట్టి పైసా రాదు, కౌలుదారుకే మొత్తం వస్తుంది. పంటలో సగం నీకు సగం నాకు అని పాలుకి చేసుకుంటే వాటా ప్రకారం ఇద్దరికీ వస్తుంది.

హవాయిలో ఇది చిన్న విషయం కాదు. అక్కడ భూమిలో పెద్ద భాగం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనూ, కమెహమెహా స్కూల్స్ లాంటి పెద్ద ట్రస్టుల చేతిలోనూ ఉంటుంది, సాగు చేసేవాళ్లలో ఎంతోమంది లీజుదారులే. సాయం భూమి పట్టా వెంట కాక చెమట వెంట పోవాలన్న ఈ సూత్రం న్యాయమైనదని నా అభిప్రాయం, మనవాళ్లు కూడా దీన్ని గట్టిగా అడగాలి.

ఇక మిగతా షరతులు. పంట అమ్మకానికి పండించినదై ఉండాలి, ఇంటి అవసరానికి పెంచుకున్న నాలుగు చెట్లు లెక్కలోకి రావు. ముందరి మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటకూడదు, దాటినా ఆ ఆదాయంలో 75 శాతం వ్యవసాయం నుంచే వస్తే ఫర్వాలేదు. ఒక మనిషికి సీఫ్యాప్‌లో గరిష్ఠ పరిమితి 2.5 లక్షల డాలర్లు, పార్ప్‌లో 1.25 లక్షల డాలర్లు. రెండెకరాల రైతుకి ఈ పరిమితులతో పనే పడదు. పౌరసత్వం ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు చిక్కు లేదు. వేరే వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం షరతులు కఠినం, భూమి, పెట్టుబడితో పాటు సొంత శ్రమ కూడా పొలంలో గణనీయంగా ఉన్నట్టు చూపాల్సి ఉంటుంది. అందుకని ఉద్యోగం ఒక ఊళ్లో, పొలం ఇంకో దీవిలో, పని చేసేది మేనేజరు అన్నట్టుంటే ముందే ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

రెండో అడుగు: మీ పొలం ఆఫీసు రికార్డులోకి ఎక్కించండి

యూఎస్‌డీఏ తరఫున ఈ పనులు చూసేది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, ఎఫ్‌ఎస్‌ఏ. మన మండల వ్యవసాయాధికారి ఆఫీసులాగా చాలా కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లో, దీని ఆఫీసు ఉంటుంది. హవాయిలో అన్నిటికంటే పెద్ద దీవి బిగ్ ఐలండ్‌లో హిలోలో, మావీలో కహులుయీలో, కవాయిలో లిహూయెలో ఈ ఆఫీసులున్నాయి. సాయం ప్రకటించిన రోజున పరిగెత్తుకెళ్లి క్యూలో నిలబడేకంటే, ఏ ప్రకటనా లేని మామూలు రోజున వెళ్లి పొలం నమోదు చేసుకుంటే సిబ్బంది ప్రశాంతంగా కూర్చుని పని చేసిపెడతారు. 2020లో ఆఫీసులన్నీ తలుపులు మూసుకుని ఫోను మీద, ఈమెయిలు మీద పని చేశాయి. అంతకు ముందెప్పుడూ ఆ గుమ్మం తొక్కని రైతుకి ఫోనులోనే అన్నీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

నమోదుకి కావలసినవి: ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా సంస్థ అయితే పన్ను శాఖ ఇచ్చే ఈఐఎన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, భూమి దస్తావేజు లేదా లీజు కాగితం. హవాయిలో ప్రతి కమతానికీ టీఎంకే అనే నంబరు ఉంటుంది, ట్యాక్స్ మ్యాప్ కీ అంటారు, మన సర్వే నంబరు లాంటిదే. అది చేతిలో ఉంటే మ్యాపులో మీ గట్టు ఎక్కడో చిటికెలో చూపించవచ్చు. అప్పుడు మీకొక ఫార్మ్ నంబరు, ఆ లోపలి ముక్కకి ట్రాక్ట్ నంబరు ఇస్తారు. ఆ రెండు నంబర్లూ ఫోనులో రాసుకోండి, ముందు ముందు ఏ పథకానికైనా అడుగుతారు.

లీజు నోటిమాట మీద ఉంటే? దీవుల్లో ఇది మామూలే, పక్కింటి పెద్దాయన "ఖాళీగానే ఉందిగా, వేసుకో" అంటే పదేళ్లు వేసుకున్నవాళ్లున్నారు. అలాంటప్పుడు ఒక్క పేజీ ఉత్తరం చాలు: ఫలానా టీఎంకే నంబరు కమతంలో ఇన్ని ఎకరాలు ఫలానా తేదీ నుంచి ఫలానావారు సాగు చేస్తున్నారు, కౌలు నగదుగా ఇంత లేదా పంటలో ఇంత వాటా, కింద ఇద్దరి సంతకాలు, తేదీ. పెద్దాయన బాగున్నప్పుడే రాయించుకోండి. ఆయన పోయాక వారసులు నలుగురు నాలుగు దీవుల్లో ఉంటే ఆ సంతకం దొరకదు.

మూడో అడుగు: అమ్మకాలు కాగితం మీద కనపడాలి

దరఖాస్తులో మీరు రాసే అంకె మీ సొంత ధ్రువీకరణ. సంతకం పెడితే ముందు డబ్బులిస్తారు, రుజువు తర్వాత అడుగుతారు. అందుకే చాలామంది ఉజ్జాయింపుగా రాసేసి తర్వాత టెన్షన్ పడ్డారు. ఆ పని చేయకండి.

హవాయిలో రైతుకి ఒక సౌకర్యం ఉంది. అక్కడ అమ్మే ప్రతివాళ్లూ జనరల్ ఎక్సైజ్ ట్యాక్స్ లైసెన్సు తీసుకోవాలి, చిల్లర అమ్మకం మీద 4 శాతం, కౌంటీ సర్‌చార్జీ కలిపితే 4.5 శాతం, టోకు అమ్మకం మీద అర శాతం. ఆ పన్నుకి మధ్యమధ్యలో వేసే రిటర్ను జీ-45, ఏడాది చివర వేసేది జీ-49. ఈ రిటర్నులు సక్రమంగా వేసినవాళ్ల చేతిలో 2019 అమ్మకాల లెక్క అప్పటికే అచ్చయి ఉంది. దానితో పాటు ఆదాయపు పన్ను రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ ఉంటుంది, అది వ్యవసాయ రాబడి, ఖర్చుల పట్టిక. ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. జీ-49లో 40 వేలు, షెడ్యూల్ ఎఫ్‌లో 22 వేలు, దరఖాస్తులో 60 వేలు అని ఉంటే ఏం చెప్పినా వినరు.

మరి శనివారం సంతలో బల్ల వేసుకుని నగదుకి అమ్మేవాళ్ల సంగతి? పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, చేతిరాత నోటుబుక్కు చాలు, కానీ ఆ పేజీ ఇలా ఉండాలి: పైన తేదీ, సంత పేరు. కింద ఒక్కో వరసలో పంట, ఎన్ని పౌన్లు తీసుకెళ్లారు, ఎన్ని అమ్మారు, పౌను ఎంత, ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఏం చేశారు. "బొప్పాయి, 80 పౌన్లు తెచ్చాం, 62 అమ్మాం, 18 పారేశాం" అని ఉన్న ఒక్క వరస మొదటి సీఫ్యాప్‌లో రెండు రకాల నష్టాన్ని ఒకేచోట రుజువు చేసేది. పక్కన ఆ రోజు బల్ల అద్దె రసీదు పిన్ను చేసిపెట్టండి. ఇంటికి రాగానే ఫోనుతో ఫోటో తీయండి, ఫోటోకి తేదీ దానంతటదే పడుతుంది. హోటలుకో కిరాణాకో వేసేవాళ్లు డెలివరీ చిట్టీలు దాచాలి, "ఈ వారం వద్దు" అని వచ్చిన మెసేజీలు, రద్దయిన ఆర్డర్లు కూడా దాచాలి. 2020 ఏప్రిల్‌లో అలాంటి మెసేజీ ఒక్కటి పది మాటల పెట్టు.

ఇంకో మెలిక, దీన్ని తప్పు చేసినవాళ్లు ఎక్కువ. సీఫ్యాప్-2లో అమ్మకాలంటే మీరు పండించిన ముడి సరుకు అమ్మకాలే. జామపండు అమ్మితే మొత్తం లెక్క, జామ్ చేసి సీసాలో అమ్మితే అందులో పండు విలువ వరకే లెక్క, సీసా, చక్కెర, శ్రమ వల్ల పెరిగిన విలువ తీసేయాలి. అరటికాయ చిప్స్, ఎండబెట్టిన పైనాపిల్, అన్నిటికీ ఇదే సూత్రం. పక్క తోట నుంచి కొనుక్కొచ్చి మీ బల్ల మీద అమ్మినది అసలు లెక్కలోకే రాదు. అందుకని నోటుబుక్కులో సొంత పంటకీ, కొని అమ్మినదానికీ, తయారుచేసి అమ్మినదానికీ వేర్వేరు పేజీలు పెట్టుకోండి.

నాలుగో అడుగు: ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోండి

సీఫ్యాప్-2 లెక్క మన కరెంటు బిల్లు శ్లాబుల్లాగే ఉంటుంది. 2019 అమ్మకాల్లో మొదటి 49,999 డాలర్ల మీద 10.6 శాతం, 50 వేల నుంచి లక్ష లోపు ఉన్న ముక్క మీద 9.9, లక్ష నుంచి 5 లక్షల లోపు ముక్క మీద 9.7, అక్కడి నుంచి 10 లక్షల లోపు 9, ఆపైన 8.8 శాతం.

8 వేల డాలర్లు అమ్మిన చిన్న రైతుకి 848 డాలర్లు. 60 వేలు అమ్మిన రైతుకి మొదటి ముక్క మీద దాదాపు 5,300, మిగతా పదివేల చిల్లర మీద 990, మొత్తం 6,290 డాలర్లు. 1,20,000 అమ్మినవాళ్లకి సుమారు 12,190. చూశారుగా, అమ్మకాలు పెరిగేకొద్దీ శాతం కాస్త తగ్గినా డబ్బు ఎక్కువ వెళ్లేది పెద్దవాళ్లకే. 8 వేలు అమ్మేవాళ్లు 848 డాలర్ల కోసం ఇన్ని ఫారాలు నింపాలా అని వదిలేసినా వాళ్లని తప్పుపట్టలేను, కానీ వదిలేయొద్దనే చెప్తాను, ఎందుకంటే ఆ నమోదే తర్వాతి పథకానికి దారి.

2019లో అమ్మకాలే లేక 2020లో కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి దరఖాస్తు రోజు వరకు జరిగిన 2020 అమ్మకాలను ఆధారంగా తీసుకున్నారు.

ఇప్పుడు ఆధార సంవత్సరం దగ్గరకు వద్దాం, నాకు చాలా బాధ కలిగించేది ఇదే. 2018 మే నెలలో బిగ్ ఐలండ్‌లో కిలవేయ అగ్నిపర్వతం బద్దలై లావా కపోహో వైపు పారింది, ఆ పునా ప్రాంతం రాష్ట్రంలో బొప్పాయికి పెట్టింది పేరు. తోటలు లావా కిందికి పోయాయి. కొత్త చోట మొక్క నాటి కాపుకి రావడానికి నెలలు పడుతుంది, అంటే ఆ రైతుల 2019 అమ్మకాలు అరకొరగానే ఉంటాయి. 2018లోనే ఏప్రిల్‌లో కవాయిలో ఒక్కరోజులో సుమారు 50 అంగుళాల వాన కురిసి హనలేయి లోయలో చామదుంప మళ్లు మునిగాయి. కోలుకుంటున్న రైతుని "2019లో ఎంత అమ్మావు" అని అడిగితే, అప్పటికే దెబ్బతిన్న మనిషికి చిన్న అంకె మీద చిన్న శాతం ఇచ్చినట్టే. సీఫ్యాప్-2లో మొదట దీనికి దారి లేదు, 2021 ఆగస్టులో మాత్రం 2019 బదులు 2018 అమ్మకాలను చూపనిచ్చారు.

పార్ప్‌లోనూ కొంత దారి దొరికింది, 2018, 2019 రెండిట్లో మీకు మేలైన ఏడాదిని ఎంచుకోనిచ్చారు. లెక్క ఇలా: ఆ ఏడాది రాబడిలోంచి 2020 రాబడి తీసేయండి, వచ్చినదాన్ని 80 శాతంతో గుణించండి, అందులోంచి అప్పటికే అందుకున్న సీఫ్యాప్ లాంటి సాయాలు తీసేయండి. 2018లో 70 వేలు, 2019లో 60 వేలు రాబడి ఉన్న రైతుకి 2020లో 35 వేలకి పడిపోయిందనుకోండి, తేడా 35 వేలు, అందులో 80 శాతం 28 వేలు, సీఫ్యాప్-2 కింద వచ్చిన 6,290 తీసేస్తే 21,710. కొత్తగా సాగు మొదలుపెట్టి పదేళ్లు దాటనివాళ్లు, మాజీ సైనికులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు, అప్పటి నిబంధనల ప్రకారం ఆసియా మూలాలవాళ్లు, స్థానిక హవాయీయులు లాంటి వర్గాలు సీసీసీ-860 అనే ఒక్క పేజీ ఫారం ఇస్తే 80 బదులు 90 శాతం, అంటే అదే రైతుకి 25,210. ఒక్క పేజీకి 3,500 డాలర్ల తేడా. ఇది లెక్కకట్టే మొత్తమే, నిధులు చాలకపోతే అందరికీ తగ్గించి ఇస్తామని నిబంధనలోనే రాశారు కాబట్టి లెక్క వేసుకున్న అంకెని ఖాతాలో పడ్డ అంకె అనుకోకూడదు. జాతి ఆధారిత వర్గాన్ని యూఎస్‌డీఏ 2025లో పక్కన పెట్టింది కాబట్టి తర్వాతి పథకాల్లో ఎవరికి ఏం వర్తిస్తుందో కొత్తగా అడగండి, కొత్త రైతు అన్న వర్గం మాత్రం మన చాలామందికి పనికొస్తుంది.

ఐదో అడుగు: ఫారాలు

పేర్లు చూసి కంగారు పడకండి, ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకి జవాబు, అంతే. అసలు దరఖాస్తు మొదటి సీఫ్యాప్‌కి ఏడీ-3114, రెండోదానికి ఏడీ-3117, పార్ప్‌కి ఎఫ్‌ఎస్‌ఏ-1122. వీటికి తోడు వెళ్లేవే ప్రతిసారీ మళ్లీ మళ్లీ అడిగేవి. ఏడీ-2047లో మీరెవరు, మీ చిరునామా. సీసీసీ-902లో పొలం ఎలా నడుస్తుంది, భూమి ఎవరిది, పెట్టుబడి ఎవరిది, పని ఎవరు చేస్తారు. కుటుంబమంతా కలిసి ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టుకుని ఉంటే సభ్యుల వివరాలకి సీసీసీ-901. సీసీసీ-941లో ఆదాయ పరిమితి దాటలేదని ధ్రువీకరణ, దాటినా 75 శాతం వ్యవసాయమే అనేవాళ్లకి సీసీసీ-942, దానికి సీపీఏ (మన చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివాళ్లు) లేదా లాయరు సంతకం కావాలి. ఏడీ-1026లో కోతకు గురయ్యే నేలని, చిత్తడి నేలని పాడుచేయడం లేదని హామీ, అడవి కొట్టి కొత్తగా తోట వేసినవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఎస్‌ఎఫ్-3881 బ్యాంకు ఖాతాకి.

అసలు దరఖాస్తు గడువులోపు పడితే చాలు, సీఫ్యాప్-2లో తోడు ఫారాలకి సంతకం చేసిన రోజు నుంచి 60 రోజులు ఇచ్చారు. ఆ రెండో గడువుని మర్చిపోయినవాళ్ల దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. కాబట్టి క్యాలెండర్లో రెండు తేదీలు రాసుకోండి.

ఆరో అడుగు: సమర్పించాక చేయాల్సినవి

ఆఫీసులు మూసినప్పుడు బాక్స్, వన్‌స్పాన్ అనే రెండు ఆన్‌లైన్ పద్ధతుల్లో సంతకాలు తీసుకున్నారు. ఇంటర్నెట్టు సరిగా లేని లోయల్లో ఉన్నవాళ్లు పోస్టులో పంపారు. ఏ దారిలో పంపినా అందినట్టు ఒక ఈమెయిలు అడిగి తీసుకోండి, అందులో తేదీ ఉండాలి. ఫోనులో మాట్లాడితే ఏ రోజు, ఎవరితో, ఏం చెప్పారు అని వెంటనే అదే నోటుబుక్కు వెనక పేజీలో రాసుకోండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే భాషా సహాయం ఉచితంగా అడిగే హక్కుంది, మొహమాటపడకండి. దరఖాస్తుకి ఫీజు ఉండదు.

డబ్బు పడ్డాక పన్ను మాట. ఈ సాయం ఆదాయమే, మరుసటి ఏడాది మొదట్లో 1099-జీ అనే కాగితం వస్తుంది, షెడ్యూల్ ఎఫ్‌లో ప్రభుత్వ వ్యవసాయ చెల్లింపుల గడిలో చూపించాలి. వచ్చిన 6 వేలూ ఖర్చుపెట్టేసి ఏప్రిల్‌లో పన్ను కట్టేటప్పుడు ఇబ్బంది పడేకంటే కొంత పక్కన పెట్టడం మంచిది.

తర్వాత తనిఖీ. సీఫ్యాప్ కాగితాలు దరఖాస్తు ఆమోదించిన రోజు నుంచి మూడేళ్లు దాచాలన్నది నియమం. కొందరిని ఎంచి "మీరు రాసిన అంకెకి ఆధారం చూపండి" అని ఉత్తరం రాశారు. ఆధారం చూపలేకపోతే వడ్డీతో సహా తిరిగి కట్టాల్సి వస్తుంది. మూడేళ్లు అయిపోయాయి కదా అని పారేయకండి, పన్ను రిటర్నులకి వాటితో పని ఉంటుంది, ఒక అట్టపెట్టె స్థలమే కదా.

తిరస్కరించారా? ఉత్తరం అందిన 30 రోజుల్లోపు కౌంటీ కమిటీని మళ్లీ చూడమని అడగొచ్చు, అక్కడా కాకపోతే యూఎస్‌డీఏలోనే విడిగా అప్పీళ్లు వినే నేషనల్ అప్పీల్స్ డివిజన్‌కి వెళ్లొచ్చు. కౌంటీ కమిటీలో ఉండేది రైతులే, రైతులే ఓటేసి ఎన్నుకుంటారు, కాబట్టి అదేదో కోర్టు అన్నట్టు భయపడక్కర్లేదు. అప్పీలు ఉత్తరంలో కష్టాలు ఏకరువు పెట్టడం కంటే "మీరు ఫలానా కారణం చెప్పారు, దానికి జవాబుగా ఫలానా కాగితం జత చేస్తున్నాను" అని నాలుగు వాక్యాలు రాస్తే బాగా పనిచేస్తుంది.

పీపీపీ, ఈఐడీఎల్, ఇంకా రాని డబ్బు గురించి

ఈఐడీఎల్ మొదట్లో రైతులకి లేదు, 2020 మే 4 నుంచే తెరిచారు. అది అప్పు, 3.75 శాతం వడ్డీ, 30 ఏళ్ల దాకా వాయిదాలు, తీసుకున్నవాళ్లు ఇప్పటికీ కడుతూనే ఉంటారు. పీపీపీ నియమాలు పాటిస్తే మాఫీ అయ్యేది. సొంతంగా సాగు చేసుకునే రైతుకి మొదట నికర లాభం మీద లెక్కకట్టారు, చాలామంది చిన్న రైతులకి కాగితం మీద లాభమే ఉండదు కాబట్టి ఏమీ రాలేదు. 2020 డిసెంబర్ చట్టంలో మొత్తం రాబడి మీద లెక్కించేలా మార్చాక గరిష్ఠంగా 20,833 డాలర్ల దాకా వీలైంది. మొదటిసారి కుదరలేదని మళ్లీ అటు చూడనివాళ్లు దీన్ని పోగొట్టుకున్నారు. నిబంధనలు మధ్యలో మారతాయి, నెలకోసారి అడుగుతూ ఉండాలి.

2021 మార్చి చట్టంలో మైనారిటీ రైతుల ఎఫ్‌ఎస్‌ఏ రుణాలను 120 శాతం దాకా తీరుస్తామన్నారు, రైతులకి ఉత్తరాలు కూడా వచ్చాయి. కోర్టులు జూన్‌లో ఆపేశాయి, 2022 ఆగస్టులో ఆ నిబంధననే రద్దు చేశారు. ఉత్తరాన్ని నమ్మి కొత్త ట్రాక్టరుకి అడ్వాన్సు ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఖాతాలో పడేదాకా ఏ సాయాన్నీ ఖర్చు లెక్కలో కలపకండి.

మీ పంట జాబితాలో లేకపోతే

మొదటి సీఫ్యాప్ జాబితా ప్రధాన భూభాగం వాళ్ల పంటలతో నిండి ఉంది, దీవుల పంటల్లో బొప్పాయి, చామదుంప లాంటివి కొన్నే ఉన్నాయి. అయితే ప్రభుత్వం జాబితాలో లేని పంటల గురించి సమాచారం పంపమని అడిగింది, రైతులు, సంఘాలు ధరలు, అమ్మకాల లెక్కలతో పంపారు. దాంతో 2020 జులైలో, ఆగస్టులో రెండు విడతలుగా కొత్త పంటలు చేర్చారు: కొబ్బరి, జామ, పైనాపిల్, పాషన్ ఫ్రూట్, బెండకాయ, అరటి, పసుపు, కర్రపెండలం, ఆఖరికి కరివేపాకు కూడా. పూలు, నర్సరీ మొక్కలు, చేపల పెంపకం కూడా ఆగస్టులోనే చేరాయి. ఆ వసంతంలో గ్రాడ్యుయేషన్ వేడుకలు, పెళ్లిళ్లు రద్దయి దండలకి పెంచిన పూలు అమ్ముడుపోని హవాయి రైతులకి ఇది పెద్ద ఊరట.

కాబట్టి మీ పంట లేదని ఆఫీసులో చెబితే వెనక్కి తిరిగి రావద్దు. ఏ పంటలు చేర్చాలో చెప్పడానికి గడువు ఉందా, ఎవరికి పంపాలి, ఏ రూపంలో పంపాలి అని అడగండి. తర్వాత అదే పంట వేసే ఇద్దరు ముగ్గురిని కలుపుకోండి, ఒక్కరి లెక్క కంటే ముగ్గురి లెక్క బలంగా ఉంటుంది. జనవరిలో పౌను ఎంత, ఏప్రిల్‌లో ఎంత, ఎన్ని పౌన్లు, ఎవరు కొనేవారు, ఎప్పుడు ఆపేశారు అన్నది ఒక పేజీలో పట్టికగా రాసి, నోటుబుక్కు పేజీల ఫోటోలు జతచేసి గడువులోపు పంపండి. ఒక కాపీ కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో, ఒకటి రాష్ట్ర వ్యవసాయ శాఖలో, ఒకటి మీ ప్రాంత రైతుల సంఘమైన ఫార్మ్ బ్యూరోలో ఇవ్వండి.